పక్కవాటు వెలుతురు

"గంజి పెట్టినట్టే గదా, అదేమన్నా కష్టమా?" అన్నాడు ఉమామహేశ్, మొదటిసారి జెల్ డబ్బా తెచ్చి భార్య ముందు పెట్టిన రోజు. ఆ మాట ఎంత తేలిగ్గా అన్నాడో ఆ పని శివలీలకు అంత తేలిగ్గా అంటుకుంది. ఇంట్లో బట్టలకు గంజి పెట్టేది ఆమే కాబట్టి క్యాన్వాసుకు జెల్ పూసేదీ ఆమే అయింది. కింద కొట్టు, పైన ఇల్లు, ఆ పైన మిద్దె మీద రేకుల గది. పొద్దున టిఫిన్లకూ మధ్యాహ్నం వంటకూ నడుమ ఆ రేకుల గదిలో పూత పని. జెల్ చూడ్డానికి కూడా చిక్కటి గంజిలాగే తెల్లగా ఉంటుంది. వెడల్పు బ్రష్షుతో తీసి, అచ్చయి వచ్చిన బొమ్మ మీద నీళ్లున్న చోట నీళ్లు జారినట్టు, ఆకులున్న చోట ఆకు తిరిగినట్టు పూయాలి. ఆరేకొద్దీ తెలుపు మాయమై అద్దమైపోతుంది. బ్రష్షు వెళ్లిన దారులు మాత్రం సన్నటి గట్లలా నిలబడిపోతాయి. కొనేవాళ్లు వచ్చి ఆ గట్ల మీద వేలు రాసి చూస్తారు. "చేత్తో వేసిందేనప్పా" అని ఒకరికొకరు చెప్పుకుంటారు. వాళ్లు వచ్చేది ఆ గట్ల కోసమే.

ఆ బొమ్మలో చెయ్యి అనేది ఎక్కడన్నా ఉంటే అక్కడే ఉంది. మిగిలిందంతా ఫోటో. ఉమామహేశ్ తాను తీసిన ఫోటోను కంప్యూటరులో రంగులద్దినట్టు మార్చి, క్యాన్వాసు గుడ్డ మీద అచ్చు వేయించి, చెక్క ఫ్రేముకు బిగిస్తాడు. కింది మూలన వాలుగా ఉండే 'ఉమా ఆర్ట్స్' సంతకం కూడా అచ్చులోనే వస్తుంది. ఎవరు వేస్తారప్పా ఇవి అని గిరాకీలు అడిగితే, "మా ఆర్టిస్టు బెంగుళూరులో ఉంటాడన్నా, శానా పెద్దాయన, ఒక్కో బొమ్మకు వారాలు పడుతుంది" అని చెబుతాడు. ఆ మాట చెప్పేటప్పుడు శివలీల చాలాసార్లు అక్కడే, టీ గ్లాసులు అందిస్తూ ఉండేది. గోళ్ల సందుల్లో ఆరిన జెల్ పొరలుండేవి. మొదట్లో నవ్వొచ్చేది. తర్వాత ఆ బెంగుళూరాయన ఎట్లుంటాడో ఊహించుకోవడం అలవాటైంది. గడ్డం ఉంటుంది. పనిలో ఉంటే ఎవరు పిలిచినా పలకడు. ఆకలేస్తే ఎవరో ఒకరు కంచం తెచ్చి పక్కన పెట్టి చప్పుడు చేయకుండా వెళ్లిపోతారు. ఆయనకు కాఫీ ఎవరు పెడతారో, ఆ పెట్టే మనిషి గోళ్లలో ఏముంటుందో అని ఆలోచించేది.

కర్నూలోళ్ల గోడలకు కర్నూలు పనికిరాదు. ఈ సంగతి ఉమామహేశ్‌కు తెలియడానికి కొంతకాలం పట్టింది. మొదట అతను ఆలూరు చుట్టుపక్కల రాతిగుట్టలు, నల్లరేగడి చేలు, పత్తికట్టె ఎండిన పొలాలు తీసి క్యాన్వాసులు చేయించాడు. అవి అట్లే గోడకు ఆనుకుని దుమ్ము పట్టాయి. చివరికి ఒక గిరాకీ తేల్చేశాడు. "బయట చూసేది ఎండే గదప్పా. దుడ్లిచ్చి ఇంట్లోకి గూడా ఎండనే తెచ్చుకోవాల్నా?" ఇక ఆ రోజు నుంచి గుట్టలన్నీ పచ్చబడ్డాయి. మంత్రాలయం దగ్గర ఇసుక తేలిన తుంగభద్రలో అంచుల దాకా నీళ్లు నిండాయి. ఆత్మకూరు అవతల నల్లమలలో ఎండిపోయిన వాగు ఒకటి జలపాతమై దూకింది. ఉత్తరపు గోడకు నీళ్లుంటే మంచిదని వాస్తు చెప్పేవాళ్లు అనడంతో ఆ జలపాతానికి అంతు లేకుండా పోయింది. వద్దనేవి కూడా చాలా ఉండేవి. ఒంటి చెట్టు ఉండకూడదు. ఒంటి మనిషి ఉండకూడదు. రాయి కనపడకూడదు. పొద్దు గుంకుతున్నట్టు ఉండకూడదు. శివలీల ఇవన్నీ చెవిన వేసుకుంటూ ఉండేది. మనుషులు దేన్ని చూడాలనుకుంటారు, దేన్ని చూడకుండా ఉండడానికి ఇంత ఖర్చు పెడతారు అన్నది ఆమెకు తెగని ప్రశ్న. వాళ్లు గోడ మీద వద్దన్నవన్నీ ఒకచోట పోగు చేస్తే మా అమ్మ అవుతుంది గదా అని ఒక రోజు తోచింది. రాయి, ఎండ, ఒంటి మనిషి.

ఆమె తల్లి హులిగెమ్మ శివరాత్రికి ముందు పోయింది. ఆలూరు పక్కన చిన్న పల్లె, కూలి బతుకు. మొగుడు పోయాక కూతుర్నీ కొడుకునీ ఒంటిచేత్తో పెంచింది. కూతుర్ని డిగ్రీ దాకా చదివించింది. పెళ్లికి ముందు శివలీల ఆలూరులో ప్రైవేటు బడిలో ఒకటో తరగతి పిల్లల చేతులు పట్టుకుని అక్షరాలు దిద్దించేది. ఆ జీతానికి ఆ ఎండలో తిరగడమెందుకని పెళ్లయ్యాక మాన్పించారు.

తల్లి పోయినప్పుడు అత్త రామలక్ష్మమ్మ కూడా వచ్చింది. నలుగురిలో బాగానే ఏడ్చింది. బయల్దేరేటప్పుడు కోడల్ని పక్కకు పిలిచి, "పెండ్లయిన కూతురికి మూడు దినాలే మైల. నాలుగో దినం నుంచి నువ్వు మా మనిషివి. బస్సెక్కి వచ్చేయి, గృహప్రవేశాల కాలం, పని నిలిచిపోయింటాది" అంది. కోపంగా అనలేదు. లోకరీతి చెప్పినట్టే చెప్పింది. బస్సులో కిటికీ పక్కన కూర్చుని శివలీల ఆ లెక్క ఎవరు కట్టి ఉంటారా అని ఆలోచించింది. కొడుకైన ఓబులేష్‌కు ఎక్కువ దుఃఖం, తనకు తక్కువ దుఃఖం అని ఏ చేటలో పోసి చెరిగి తేల్చారో.

దినాల నాటికి ఫోటో కావాల్సి వచ్చింది. వెతికితే ఒక్కటీ లేదు. ఫోటోలు తీసి బతికే అల్లుడు పన్నెండేళ్లలో అత్తను ఒక్క ఫోటో తీయలేదు. "ఎండకు కండ్లు మూసుకుంటాదబ్బా మీ అమ్మ, ఫోటోకు పనికిరాదు" అనేవాడు. ఉన్నది ఒక్క ఆధార్ కార్డు బొమ్మ. దాన్నే పెద్దది చేసి, రంగు తేల్చి, కనుబొమ్మలు దిద్ది, ఆకుపచ్చ పట్టుచీర కట్టించి తెచ్చాడు. శ్రద్ధగానే చేశాడు. కానీ బడి గడప తొక్కని మనిషి ఏ హైస్కూలు పెద్ద పంతులమ్మలాగానో వచ్చింది. "అమ్మ ఎంత బాగుండాదో చూడక్కా" అని ఓబులేష్ ఆ ఫ్రేమును పట్టుకుని ఏడ్చాడు. శివలీల ఏడవలేదు. ఆ ముఖంలో తల్లి ఎక్కడుందో వెతుకుతూ ఉండిపోయింది. కండ్లలో లేదు. పెదాల్లో లేదు.

దినాలు కూడా అయ్యాక ఊరినుంచి తిరిగొచ్చి, నిలిచిపోయిన పని తీర్చడానికి మళ్లీ కూర్చున్నది ఒక మధ్యాహ్నం. రేకుల గదిలో బ్రష్షు ఎత్తేలోపు జెల్ ఆరిపోయేంత ఎండ. ముందు జలపాతం ఉంది. నీళ్లతో పాటు పై నుంచి కిందికి లాగాల్సిన చెయ్యి, ఎందుకో పక్కకు తిరిగింది. ఒక భుజం వచ్చింది. భుజాన్నించి మోచెయ్యి, మోచేతికి కింద చేట. పచ్చటి చెట్ల మీద తెల్లగా ఒక ఆడమనిషి, ఒక మోకాలు పైకి పెట్టుకుని, తల కాస్త వాల్చి, గాలికి ముఖం అడ్డం పెట్టి, కండ్లు చికిలించి. ఎవరో తన చెయ్యి పట్టుకుని దిద్దిస్తున్నట్టుంది. ముఖం దగ్గర బ్రష్షు రెండే రెండు సార్లు తిరిగింది. అంతే, అమ్మ. ఆధార్ కార్డులో దొరకని మనిషి, పట్టుచీరలో దొరకని మనిషి, ఈ జిగురులో కూర్చుని ఉంది. శివలీల కదలకుండా చూసింది. చూస్తుండగానే జెల్ ఆరడం మొదలైంది. మొదట భుజం పోయింది, తర్వాత చేట, ఆఖరున ముఖం. మళ్లీ జలపాతమే మిగిలింది.

ఎంతైనా గట్లు ఎక్కడికి పోతాయి? ఆమెకు ఆ అనుమానం వచ్చింది. ఎదురుగా నిలబడి చూసింది, లేదు. వంగి చూసింది, లేదు. సాయంత్రం బట్టలు తీయడానికి పైకొచ్చినప్పుడు పడమటి ఎండ తలుపులోంచి నేల బారున దూరి క్యాన్వాసుకు పక్కవాటుగా తగులుతోంది. ప్రతి గట్టుకూ ఒక వైపు వెలుగు, ఒక వైపు నీడ. నీళ్లన్నీ వెనక్కి తగ్గాయి. హులిగెమ్మ చేట పట్టుకుని కూర్చుని ఉంది. పొద్దు వాలేదాకా ఉండి, పొద్దుతో పాటు పోయింది.

మర్నాడు వంట ముగించి పైకొచ్చేసరికి ఆ చోటు ఖాళీగా ఉంది. నంద్యాల రోడ్డులో కొత్త ఇల్లు కట్టుకున్న ఎవరో వచ్చి తీసుకుపోయారని ఉమామహేశ్ సంతోషంగా చెప్పాడు. "నీ పూత భలే నచ్చిందంట వాళ్లకు." ఏమని అడగాలి? జలపాతాన్ని వెనక్కి తెమ్మంటే ఎందుకంటాడు. తర్వాత వచ్చిన ప్రతి క్యాన్వాసు మీదా మళ్లీ వేయాలని చూసింది. చెయ్యి వచ్చేది. కాలి ముల్లు తీసుకుంటున్న వేళ్లు వచ్చేవి. కొప్పు ముడేసుకుంటున్న వీపు వచ్చేది. ముఖం రాలేదు. లోకంలో తన తల్లి ముఖం ఉన్నది ఒకే ఒక్క చోట, అది ఎవరిదో గోడ, ఆ గోడ యాడుందో తనకు తెలియదు.

అట్లని ఆపలేదు. గుర్రాల బొమ్మల మీద, తామరకొలనుల మీద ఆ చేతుల్నీ వీపునీ వేసి పంపిస్తూనే ఉంది. అవి ఎవరికన్నా కనపడతాయా అన్న కుతూహలం మాత్రం పెరుగుతూ వచ్చింది. టీ ఇచ్చేటప్పుడు గిరాకీలను అడిగేది. "ఏ గోడకు పెడతాండారన్నా? కిటికీ ఏ పక్కుండాది?" ఉమామహేశ్ మురిసిపోయాడు. "ఇప్పుడిప్పుడే వ్యాపారం వంట పట్టిండాదమ్మా నీ కోడలికి" అని తల్లితో అన్నాడు.

ఎండలు ముదిరాక ఒక సాయంత్రం, దుప్పటి చుట్టిన పెద్ద ఫ్రేము ఒకటి పట్టుకుని ఒక ఆమె ఆటో దిగింది. యాభై దాటిన మనిషి, చేతినిండా గాజులు, నంద్యాల రోడ్డులో ఉండే ఒక కాంట్రాక్టరు గారి భార్య నాగలక్ష్మమ్మ. దుప్పటి విప్పి బల్ల మీద పెట్టింది. శివలీల మూలన టీ వడపోస్తోంది. ఆ జలపాతాన్ని దూరం నుంచే గుర్తు పట్టింది. వడపోసే చెయ్యి ఆగింది.

"ఏమప్పా, ఈ బొమ్మలో ఒక ఆడమనిషుండాది" అంది నాగలక్ష్మమ్మ.

ఉమామహేశ్ నవ్వాడు. "జలపాతమమ్మా అది. మనుషుల్ని మేం పెట్టం."

"ఈడ కనపడదులే. మా ఇంట్లో పొద్దు వాలినప్పుడు కనపడుతాది. మా అత్త దయ్యమంటాండాది. మా ఆయన పారేసి రమ్మన్నాడు. పంతులేమో ఎర్రనీళ్లు దిగదీయమన్నాడు. ఆ లైటు ఆర్పు. తెర ఎత్తు."

పడమటి ముఖం కొట్టు కావడంతో సాయంత్రాలు ఎప్పుడూ తెర దించే ఉంటుంది. ఉమామహేశ్ గిరాకీ మాట కాదనలేక లైటు ఆర్పి తెర ఎత్తాడు. ఫ్రేమును పట్టుకుని వాకిట్లో నిలబడ్డాడు. "కొంచెం తిప్పు. అట్ల కాదప్పా, గడప పక్కకు. ఇంకొంచెం. ఆఁ, ఆడ."

ఎండ బొమ్మ మీద నేల బారున పాకింది. నీళ్లు తగ్గాయి. ముందు చేట తేలింది, తర్వాత మోకాలు, ఆ తర్వాత గాలికి చికిలించిన ఆ ముఖం. శివలీల పట్టిన టీ గిన్నెను కింద పెట్టింది.

ఉమామహేశ్ చాలాసేపు చూశాడు. "ఎవురిది?" అన్నాడు తనలో తాను. వెంటనే వ్యాపారంలోకి వచ్చేశాడు. "జెల్లు సరిగ్గా కుదరకుంటే ఇట్ల గీతలొస్తాయమ్మా. బెంగుళూరాయన పొరపాటు. ఏం లేదు, ఉప్పుకాయితంతో అరగదీసి మళ్లీ పూయిస్తా. రేపీపాటికి మనిషి ఉండదు."

"అరగదీసేదేంది?" నాగలక్ష్మమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది. "పారేయమన్నది మా ఆయన. నేను ఒకటి తెలుసుకోవల్లనొచ్చినా. ఇంట్లో అందరికీ కాపీ నీళ్లిచ్చినాక సాయంత్రం రోంతసేపు కూసుంటా నేను. మాట్లాడేటోళ్లు ఎవురుండారు? ఎదురుగా ఈమె. ఇన్ని దినాలూ ఆమె పని ఆమెది, నేను చూస్తాండా. ఆ చాటలో ఏం చెరుగుతాండాదో మాత్రం నాకు తేలలేదు. కొర్రలైతే చెయ్యి అట్ల తిరగదు. కందులైతే అంత మెల్లగా చెరగరు. నేనూ కళ్లమున్న ఇంట్లో పుట్టినదాన్నే గదా. ఏందది? మీ బెంగుళూరాయనకు ఫోన్ చేసి అడుగు."

"ఆయన పనిలో ఉంటే ఫోనెత్తడమ్మా" అన్నాడు ఉమామహేశ్.

"మన్ను" అంది శివలీల.

ఇద్దరూ ఆమె వైపు తిరిగారు. ఆమె కొంగుకు చేతులు తుడుచుకుంటూ వెలుతురులోకి వచ్చింది.

"కళ్లం ఊడ్చిన మన్నమ్మా అది. గింజలన్నీ బండికెత్తినాక, ఆ మన్ను కూలోళ్లను తీసుకోమంటారు గదా. అదీ. దాంట్లో గింజ తేలాలంటే మెల్లగా చెరగాల. గాలి చూసుకోని చెరగాల. అందుకే ముఖం అట్ల పెట్టింది."

నాగలక్ష్మమ్మ బొమ్మను చూసింది. "మా కళ్లంలోనూ ఇచ్చేటోళ్లం" అంది కాస్త ఆగి. ఆ మన్ను తీసుకుపోయినోళ్లు దాన్ని ఏం చేసుకుంటారో ఇన్నేళ్లూ తలకెక్కించుకోనట్టుంది ఆమె గొంతు. "నీకెట్ల తెలుసు?"

"నేనే వేసినా. ఆమె మా అమ్మ."

ఉమామహేశ్ ఫ్రేమును కొంచెం ఎత్తి, కండ్లకు దగ్గరగా తెచ్చుకున్నాడు. ఏటా రెండు మూడు సార్లు ఆ ఇంటికి పోయి, ఆమె వడ్డిస్తే తిని, ఆమె పరిచిన చాప మీద కూర్చుని వచ్చిన మనిషి.

"అత్తనా?" అన్నాడు. "అత్త ఇట్లుండేదా?"

ఆ ప్రశ్నలో ఎగతాళి లేదు. నిజంగానే అడిగాడు. శివలీలకు కోపం రావాల్సిన చోట ఒక వింత ఎరుక కలిగింది. ఈ మనిషి కండ్ల ముందు ఇన్నాళ్లూ తాను కూడా గట్లు కనపడని ఎదురు వెలుతురులోనే నిలబడి ఉంది గదా అనుకుంది.

నాగలక్ష్మమ్మ లేచి దుప్పటిని మడతపెట్టింది. ఫ్రేమును ముట్టుకోలేదు. "మీ అమ్మైతే మా ఇంట్లో ఎందుకుండాల్లే. నీ కాడే పెట్టుకో. నాకే, గోడ బోసిపాయె." గడప దాకా పోయి ఆగింది. "నాకొకటి వెయ్యి."

"ఎవుర్ని వెయ్యాలమ్మా?"

"నాకేం తెల్సు. నువ్వొచ్చి ఆ పొద్దుగూకే ఏళ నా పక్కన కూసో. అప్పుడు చూద్దాం, ఆడ ఎవురుండారో."

"రేపొస్తా" అంది శివలీల. "మీ కిటికీ యాడుండాదో చూసుకోవాల."

ఆటో కదిలాక ఉమామహేశ్ ఒకచోట నిలబడలేకపోయాడు. బ్రష్షు పట్టిన వాడిలాగా చేతులు తిప్పుతూ మాట్లాడాడు. "భలే పని చేసినావు నువ్వు, నాకు చెప్పలేదే! ఇంకేముంది, ప్రతి జలపాతంలోనూ లక్ష్మీదేవిని కూర్చోబెడదాం. సాయంత్రం దీపం పెట్టే ఏళకు అమ్మవారు కనపడుతాది. ఎవురన్నా వద్దంటారా? బెంగుళూరాయన కొత్త పద్ధతి అని చెప్తాం. మీ అమ్మను ఎట్ల వేసినావో అట్లనే వెయ్యి, చాట తీసేసి తామరపువ్వు పెట్టు, అంతే." అతను చెడ్డవాడు కాదు. దొరికిన దాన్ని కొనేవాళ్ల కంటికి తగ్గట్టు దిద్దడం తప్ప అతనికి వేరే చూపు లేదు. రాతిగుట్టను పచ్చగా చేసిన చేత్తోనే ఆమె దుఃఖానికి కూడా ఒక తామరపువ్వు ఇచ్చాడు.

శివలీల ఫ్రేమును ఎత్తుకుని మెట్లెక్కింది. ముందు గదిలో ఉత్తరపు గోడకు ఉమామహేశ్ వేలాడదీసిన తుంగభద్ర ఉంది, అంచుల దాకా నీళ్లతో. దాన్ని దించి కింద పెట్టింది. అదే మేకుకు తన ఫ్రేము తగిలించి, పడమటి కిటికీ రెక్కలు రెండూ తెరిచింది. అందరికీ కాఫీ కలిపే వేళ. ఆమె కుర్చీ తెచ్చుకుని బొమ్మకు ఎదురుగా వేసుకుని కూర్చుంది.

"కాపీ పెట్టలేదా ఇంకా?" లోపల్నుంచి రామలక్ష్మమ్మ. జవాబు రాకపోయేసరికి గుమ్మంలోకి వచ్చింది. "ఇదేందే, దీపాలు పెట్టే ఏళ కుర్చీ ఎక్కి కూసున్యావు? ఆ ఏరెందుకు దించినావు?"

"మా అమ్మను చూస్తాండా అత్తా. కొంచెంసేపాగు."

రామలక్ష్మమ్మ గోడ వైపు చూసింది. జలపాతం కనపడింది. కోడలి వైపు చూసింది. గుమ్మానికి ఆనుకుని నిలబడింది.

వెనకనే ఉమామహేశ్ వచ్చాడు. ఫోనులో ఏదో చూసుకుంటూ, "ఎనిమిది ఆర్డర్లుండాయి, రేపు పొద్దున్నుంచే మొదలుపెట్టాల" అన్నాడు. మేకు వైపు, కింద పెట్టిన తుంగభద్ర వైపు చూశాడు. తల గోక్కున్నాడు. "నువ్వు రేపు ఆమింటికి పోతానంటివి. మరి ఈడ జెల్ ఎవురు పూస్తారు?"

కిటికీలోంచి ఎండ గోడ వెంబడి మెల్లగా జరిగి ఫ్రేము అంచును తాకింది. శివలీల తల తిప్పలేదు.

"బెంగుళూరాయన్ను రమ్మనండి" అంది.